ఈ తోటకు నీరుగంటి ఎవరు?

మహదేవపుర అనగానే ఇవాళ్టి వాళ్ళకు గుర్తొచ్చేవి ఔటర్ రింగ్ రోడ్డు, అద్దాల ఆఫీసులు, నెత్తిమీద మెట్రో. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో కలిసేవరకూ ఇది వేరే నగరసభ. అంతకు ముందు ఊరికొక చెరువు, చెరువు కింద మడులు. హూడి, గరుడాచార్‌పాళ్య, దొడ్డనెక్కుంది, కగ్గదాసపుర, కుందలహళ్ళి: వీటిలో ఏ పేరు తీసుకున్నా అదే పేరుతో ఒక చెరువు కూడా ఉంది. తెలుగు వినిపించని వీధి ఇక్కడ దొరకదు. ఉద్యోగాల కోసం విశాఖ నుంచీ వరంగల్ నుంచీ వచ్చినవాళ్ళ తెలుగు ఒకటి. కోలారు, ముళబాగిలు, చింతామణి, శ్రీనివాసపుర వైపు తరతరాలుగా ఇళ్ళలో నిలబడిన తెలుగు ఇంకొకటి.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ ఆ రెండో తెలుగువాళ్ళు. తాత శ్రీనివాసపుర దగ్గర మామిడితోటలు పెంచిన రైతు, ఇప్పుడు మహదేవపురలో కూతురింట్లో ఉంటున్నాడు. మనవరాలు ఇంజినీరింగ్ రెండో ఏడు, కాలేజీలో జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) వాలంటీరు. వీళ్ళిద్దరూ నేను కల్పించిన మనుషులు, అందుకే పేర్లు పెట్టలేదు. వాళ్ళు వాదించుకునే లెక్కలు, సంవత్సరాలు, చట్టాలు మాత్రం కల్పితాలు కావు. ఇలాంటి వాదన ఈ నగరంలో చాలా ఇళ్ళలో జరగాలి. జరగకుండానే మొక్కలు నాటేస్తున్నాం.

మే నెలాఖరు సాయంత్రం. పిల్లలు ఒక ప్రభుత్వ బడి ఆవరణలో, ఒక 30×40 అడుగుల సైటంత జాగాలో, నీళ్ళు తక్కువ తాగే తోట వేయబోతున్నారు. జూన్ 5న, పర్యావరణ దినం నాడు, ప్రారంభం.

తాత: ఆ కాగితం ఇట్లియ్యి అమ్మణ్ణీ. ఏమేమి నాటతారు?

మనవరాలు: కానుగ రెండు, మునగ ఒకటి, ఉసిరి, కరివేపాకు, నందివర్ధనం, తంగేడు, కలబంద. గట్టు పొడుగునా వట్టివేరు, నిమ్మగడ్డి. గన్నేరు నాలుగు. అన్నీ ఎండకు ఓర్చుకునేవే. లాన్ అసలు లేదు.

తాత: గన్నేరు కొట్టెయ్.

మనవరాలు: ఎందుకు తాతా? హైవేల మధ్యలో అదేగా పెంచేది. నీళ్ళే అడగదు.

తాత: హైవే మధ్యన ఆకు తుంచి నోట్లో పెట్టుకునే పిల్లకాయలు ఉండరు. ఒకటో తరగతోళ్ళు ఆడుకునే చోట ఆకూ పువ్వూ కొమ్మా అంతా విషమైన చెట్టా? మేక కూడా దాని జోలికి పోదు.

మనవరాలు: సరే, కొట్టేశాను.

తాత: మిగతాది కూడా కొట్టెయ్యమంటే?

మనవరాలు: అంటే?

తాత: ఈ తోటే వద్దంటా ఉండా.

మనవరాలు: నువ్వా ఆ మాట అనేది? జీవితమంతా చెట్లు పెంచినవాడివి!

తాత: పెంచినోణ్ణి గాబట్టే. నాటేది ఒక పూట పని, పెంచేది పదేండ్ల పని. జూన్ అయిదో తేదీ మొక్కలు నాటతారు, ఫోటో దిగతారు, బోర్డు పెడతారు. మళ్ళా జూన్‌కు అదే గుంత ఖాళీగా ఉంటాది, అందులోనే ఇంకో మొక్క పెడతారు. నా కండ్లారా చూసినా. మొక్క సచ్చిపోతే అది ఒక మొక్కతో పోదు అమ్మణ్ణీ. చూసిన పిల్లకాయలకు ఇదంతా ఉత్తుత్తి పని అని మనసులో పడిపోతాది. రెండోసారి పిలిస్తే రారు.

మనవరాలు: మా ఎన్.ఎస్.ఎస్. ఉత్తుత్తి పని కాదు. 1969లో, గాంధీ శతజయంతి ఏడాది, మొదలుపెట్టిన పథకం. రెండేళ్ళలో ఒక్కొక్కరం 240 గంటలు పనిచేయాలి. చెమటోడ్చే పనే.

తాత: ఆ 240 గంటలు అయిపోయినాక?

మనవరాలు: తర్వాతి బ్యాచ్ వస్తుంది.

తాత: వాళ్ళు వాళ్ళ తోట వేస్తారు. మీది చూస్తారా?

మనవరాలు: ...

తాత: సరే, అది పక్కన పెడదాం. ఎన్ని నీళ్ళు మిగులుతాయి మీ తోట వల్ల? లెక్క వేసినారా?

మనవరాలు: వేశాం. ఆ జాగాలో లాన్ వేసి ఉంటే ఎండాకాలంలో గడ్డికి రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే దాదాపు 500 లీటర్లు. మా మొక్కలు వేళ్ళు దిగాక అందులో పదోవంతు కూడా అడగవు.

తాత: ఆ జాగాలో ఇప్పుడు లాన్ ఉండాదా?

మనవరాలు: లేదు. ఎర్రమట్టి, కొంచెం వయ్యారిభామ.

తాత: అంటే లేని లాన్‌కు పొయ్యని నీళ్ళను మిగులు కింద రాసుకున్నారు. సరే, నిజంగానే 500 మిగిలినాయనుకుందాం. ఈ ఊరికి కావేరి నుంచి నాలుగు దశల్లో వచ్చే నీళ్ళెన్ని?

మనవరాలు: రోజుకు 145 కోట్ల లీటర్లు. 2024 అక్టోబరులో అయిదో దశ ప్రారంభించారు, దాంతో ఇంకో 77 కోట్ల 50 లక్షలు. మన మహదేవపుర చుట్టుపక్కల ఊళ్ళతో సహా పాలికెలో కలిపిన 110 గ్రామాల కోసమే ఆ దశ.

తాత: పాత నాలుగు దశలే తీసుకో. 145 కోట్లలో 500 అంటే 29 లక్షల్లో ఒక వంతు. నూరు కిలోమీటర్ల దూరం నుంచి, కొండెక్కించినట్టు ఎక్కించి తెస్తా ఉండారు ఆ నీళ్ళను. పోనీ, 2024 మార్చిలో ఈ వీధిలోనే బిందెలు పట్టుకోని నిలబడినారే, అప్పుడు ఎవరైనా తోట గురించి అడిగినారా? టాంకరు ఎప్పుడొస్తాదని అడిగినారు. పోరాడాల్సింది దాని గురించి. బోర్ల మీద, టాంకర్ల మీద, చెరువులు పూడ్చినోళ్ళ మీద. మీరేమో తంగేడు చెట్టు నాటతామంటారు.

ఇక్కడ ఒక మాట నేనే చెప్పాలి. పెద్దాయన లెక్కలో తప్పు లేదు. ఆ మార్చిలో నగరంలోని దాదాపు 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమారే చెప్పారు. జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్నీ తోటలు తడపడాన్నీ నిషేధించి, మీరితే 5,000 రూపాయలు జరిమానా అంది. జిల్లా యంత్రాంగం టాంకర్లకు రేట్లు కట్టింది: అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలు. 2025 ఫిబ్రవరిలో ఆ నిషేధం మళ్ళీ వచ్చింది. ఇంత పెద్ద దాహం ముందు బడి మూల తోట చిన్నదే. అయితే మనవరాలి దగ్గర తాత చూడని లెక్క ఒకటుంది.

మనవరాలు: తాతా, నువ్వు కావేరి లెక్క చెప్పావు. వాన లెక్క చెప్పలేదు. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. ఒక్క 30-40 సైటు మీద ఏడాదికి పడే నీళ్ళు ఎన్నో తెలుసా? లక్షా ఎనిమిది వేల లీటర్లు.

తాత: లక్షనా? ఇంకోసారి చెప్పు.

మనవరాలు: లక్షా ఎనిమిది వేలు. ఆ బడి మిద్దె 2,000 చదరపు అడుగులు. దాని మీద పడేదాంట్లో అయిదో వంతు పోయిందనుకున్నా లక్షా నలభై నాలుగు వేల లీటర్లు చేతికొస్తాయి. 12,000 లీటర్ల టాంకర్లు పన్నెండు. ఇప్పుడవన్నీ గొట్టంలోంచి నేరుగా మోరీలోకి పోతున్నాయి.

తాత: మా వైపు అంత పడదు. పడినా ఒక్కో ఏడు పడేది, ఇంకో ఏడు ఎగనామం.

మనవరాలు: 2022 సెప్టెంబరు మొదటి వారం గుర్తుందా? ఇదే మహదేవపురలో ఆఫీసులకు ట్రాక్టర్లలో పోయారు. బెళ్ళందూరు వైపు లేఅవుట్లలో పడవలు తిప్పారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఇదే మహదేవపురలో బిందెలు. మునిగిందీ ఇక్కడే, ఎండిందీ ఇక్కడే. నీళ్ళు లేక కాదు తాతా, పడ్డ నీళ్ళకు నిలబడే చోటు లేక. 1973 నుంచి నాలుగు దశాబ్దాల పైచిలుకు కాలంలో ఈ నగరంలో నీటి వనరులు దాదాపు 79 శాతం తగ్గాయని భారతీయ విజ్ఞాన సంస్థ, ఐ.ఐ.ఎస్‌సి.లో టి.వి. రామచంద్ర గారి బృందం లెక్క తేల్చింది. వాన దిగే జాగా ఒక చదరపు అడుగు మిగిలినా నాకు అది విలువైందే.

తాత: దానికి చట్టం ఉండాది గదా? మిద్దె నీళ్ళు పట్టుకోకపోతే జరిమానా అని.

మనవరాలు: 2009 నుంచీ ఉంది. కొత్తగా కట్టే 30-40 ఇంటికీ, పాత 40-60 ఇంటికీ వాననీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి. అయినా 2024 వచ్చింది. చాలా ఇళ్ళలో అది ఒక గొట్టం, ఒక డ్రమ్ము, ఒక సర్టిఫికెట్టు. ఎవరూ విప్పి చూడరు.

తాత: అట్లయితే చట్టం చెయ్యలేనిది మీ తోట చేస్తాదా?

మనవరాలు: చట్టం కాగితం మీద ఉంటుంది. తోట కళ్ళెదుట ఉంటుంది. వాన పడ్డప్పుడు మిద్దె నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఆ బడిలోని 150 మంది పిల్లలు చూస్తే, ఇంటికి పోయి తమ మిద్దె గొట్టం వైపు చూస్తారు. అమెరికాలో నెవాడా రాష్ట్రం 2021లో చట్టమే చేసింది, ఊరికే అందానికి పెంచే పచ్చికకు 2026 దాటాక కొలరాడో నది నీళ్ళు పోయకూడదని. అంతకు ముందు చాలా ఏళ్ళు లాస్ వేగాస్ జనానికి గడ్డి పీకేస్తే అడుగుకింత అని డబ్బులిచ్చి, ఎడారి మొక్కల తోటలు వేయించి అలవాటు చేశారు. కళ్ళకు అలవాటయ్యాకే చట్టం నిలబడింది.

తాత: డబ్బులిచ్చినారు అంటివే, ఆ మాట గుర్తు పెట్టుకో. దాని కాడికి మళ్ళా వస్తా. ముందు నీళ్ళ సంగతి తేలనీ. లక్షా నలభై వేల లీటర్లు అంటివి. అవి ఏడాదంతా రోజుకింత అని పడవు. అరవై దినాల్లో పడతాయి, అందులో పెద్ద పాలు సెప్టెంబరు, అక్టోబరు గాలివానల్లో. బడిలో సంపు ఎంత?

మనవరాలు: అయిదు వేల లీటర్లు.

తాత: ముప్పై మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే నిండిపోతాది. మిగతాది?

మనవరాలు: తోటలోకి మళ్ళిస్తాం. మధ్యలో అడుగున్నర లోతు పళ్ళెంలా తవ్వుతున్నాం.

తాత: గంటసేపు గట్టిగా వాన పడితే మీ పళ్ళెం నిండి మళ్ళా మోరీలోకే. బావి తవ్వండి. ముందు బావి, తర్వాత తోట.

మనవరాలు: ఇంకుడు బావా? దానికీ తోటకీ రెంటికీ డబ్బు చాలదు తాతా. అడిగి వచ్చాం. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, సిమెంటు ఉంగరాలు దింపాలి. తవ్వేవాళ్ళను కలవడానికి సర్జాపుర దగ్గర బోవిపాళ్యకు వెళ్ళాం. నేను కన్నడలో మొదలుపెట్టాను. వాళ్ళు వాళ్ళలో వాళ్ళు తెలుగులో మాట్లాడుకున్నారు!

తాత: వాళ్ళు ఒడ్డెవాళ్ళు గదా, మన్ను ఒడ్డర్లు. ఇంట్లో తెలుగే. మా నాయన బావి తవ్వించింది వాళ్ళతోనే. నలభై అడుగులు, చేత్తోనే. గునపం, పార, తట్ట, మోకు, అంతే. మట్టి రంగు మారినప్పుడల్లా పిడికెడు తీసి నలిపి చూసి, ఇంక ఎన్ని మూరలో చెప్పేవాళ్ళు. ఇంకా తవ్వతా ఉండారా?

మనవరాలు: తవ్వుతున్నారు. బోర్లొచ్చి వాళ్ళ పని పోయింది. బెంగళూరులో పది లక్షల ఇంకుడు బావులు తవ్వాలని బయోమ్ అనే ట్రస్టు ప్రచారం మొదలుపెట్టాక మళ్ళీ పిలుపులు వస్తున్నాయి. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులు మళ్ళీ ఊరేలా చేసింది వాళ్ళే. నీళ్ళు తోడే బావి తవ్విన చేతులే ఇప్పుడు నీళ్ళు దింపే బావి తవ్వుతున్నాయి. నాకు అక్కడ ఒక సందేహం వచ్చింది, అడగనా?

తాత: అడుగు.

మనవరాలు: ముత్తాత తవ్వించిన బావి ఉండగా బోర్లు ఎందుకు వేయించావు? ఎన్ని వేయించావు?

తాత: ఆరు.

మనవరాలు: ఎంత లోతు?

తాత: మొదటిది రెండు వందల అడుగులు. కడపటిది పన్నెండు వందలు. దాంట్లో పొడి దుమ్ము వచ్చింది. పక్కోడు వేస్తే నేను వేస్తి. నేను వేస్తే వాడు ఇంకా లోతుకు పాయె. బావి ఎప్పుడు ఎండిందో కూడా నేను సరిగ్గా చూసుకోలేదు. ఒకనాడు పిల్లకాయలు దాంట్లో బంతి పడిందని దిగి తీసుకున్నారు. అప్పుడు తెలిసింది.

మనవరాలు: నిన్ను తప్పు పట్టడానికి అడగలేదు తాతా.

తాత: పట్టు. పట్టాల్సిందే. ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటి లేని జిల్లా మాది. చెరువుల మీద బతికినోళ్ళం. చెరువు మట్టి తియ్యడం మాని బోరు మిషన్ల వెనక పరిగెత్తినాం. ఇప్పుడు మా చెరువుల్లోకి ఏ నీళ్ళు వస్తా ఉండాయో తెలుసు గదా?

మనవరాలు: తెలుసు. కె.సి. వ్యాలీ. బెంగళూరు మురుగును శుద్ధి చేసి 2018 జూన్ నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం.

తాత: మొదట లక్ష్మీసాగర చెరువులో దిగినాయి. కొద్ది దినాలకే నురగ. మావాళ్ళు కోర్టుల దాకా పోయినారు, రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కావాలని. ఇంకో పక్క, బావుల్లో నీళ్ళు పైకి వచ్చినాయని సంతోషపడినోళ్ళూ ఉండారు. రెండూ నిజమే. మీరు వాడి పారేసిన నీళ్ళు మా చెరువుకు ఆధారమైనాయి. అందుకే చెప్తా ఉండా, చెంబుడు నీళ్ళు మిగిల్చినామని బోర్డు పెట్టుకోవద్దండి. నీళ్ళు యాడ పుట్టి, యాడికి పోయి, ఎవరి గొంతు తడుపుతా ఉండాయో ఆ బోర్డు మీద రాయండి. అది రాసే ధైర్యముంటే తోట వెయ్యండి.

మనవరాలు: రాస్తాం. అంతకంటే మంచిది ఉంది, కొలుస్తాం. బడి గోడ మీద వానమాపకం పెట్టి, ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్లో పిల్లలే రాస్తారు. మన పక్కనే, అనంతపురం, చిత్తూరు, కడప లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే ఈ పని చేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన భూగర్భజల పథకం అది. ఊళ్ళో పడ్డ వాన రాసుకున్నారు, బోరులోకి టేపు దించి నీటిమట్టం చూసుకున్నారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, ఏ పైరుకు ఎన్ని అని లెక్క కట్టుకున్నారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కారు.

తాత: ఆ పని మేమూ చేసుంటే ఆరో బోరు వేయించే అవసరమే పడుండేది కాదు. సరే, కొలవండి. బాగుంది. ఇప్పుడు అసలు ప్రశ్న. మీ మొక్కలకు వేళ్ళు దిగేదాకా నీళ్ళు ఎట్ల?

మనవరాలు: మొదటి రెండు ఎండాకాలాలే కష్టం. ప్రతి మొక్క పక్కనా ఒక మట్టికుండ పాతుతాం, మెడ వరకూ. దాంట్లో నీళ్ళు పోసి మూత పెడితే గోడల్లోంచి చెమ్మ వేళ్ళకు దిగుతుంది. పైన ఎండుటాకులు నాలుగంగుళాల మందం పరుస్తాం. కుండల్లోకి నీళ్ళు మధ్యాహ్నభోజనం దగ్గర్నుంచి. 150 మంది చేతులూ కంచాలూ కడిగితే మనిషికి రెండు లీటర్ల లెక్కన 300 లీటర్లు. ఆ నీళ్ళను కంకరలోంచి, మెట్టతామర మడిలోంచి పంపి వాడతాం. జనవరి నుంచి మార్చి దాకా వాన ఉండదు, కానీ బడి ఉంటుంది. సరిపోతుంది.

తాత: ఇది బాగుంది. ఇది మటుకు నిజంగా బాగుంది. ఏప్రిల్‌లో?

మనవరాలు: ఏప్రిల్‌లో...

తాత: ఏప్రిల్ రెండో వారం బడి మూస్తారు. మే నెలాఖరుకు తెరుస్తారు. చేతులు కడిగేదానికి పిల్లకాయలు ఉండరు. వంట ఉండదు. గేటుకు తాళం. మీకు పరీక్షలు.

మనవరాలు: ఏప్రిల్, మేలో మామిడి జల్లులు పడతాయి కదా తాతా. నువ్వే చెప్పేవాడివి.

తాత: పడతాయి. పడని ఏడు కూడా ఉంటాది. 2024 ఏప్రిల్‌లో ఈ ఊర్లో చుక్క పడిందా?

మనవరాలు: పడలేదు. నలభై ఏళ్ళలో అట్లాంటి ఏప్రిల్ లేదన్నారు.

తాత: ఆ ఒక్క ఏప్రిల్ చాలు, మీ తోట పోయేదానికి. మా ఊరి చెరువుకు నీరుగంటి ఉండేవాడు. తెలుసా నీకు?

మనవరాలు: పేరు విన్నాను. తూము తీసేవాడు.

తాత: తూము తీసేది ఒక్కటే కాదు. ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళో వాడు చెప్తే అంతే. కట్ట మీద ఎలుకబొక్క కనిపిస్తే రాత్రికి రాత్రి పూడ్చేది వాడే. నీళ్ళు తక్కువ ఏడు రెడ్డి మడైనా పేదోడి మడైనా వాడి కొలతే. అంత నమ్మకం ఎందుకు? పంట కళ్ళంలో వాడికి మేర ఉండేది. ప్రతి ఇంటోళ్ళూ ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. సేవ అని చెప్పి ఊరికే చేయించుకోలేదు. మీ తోటకు నీరుగంటి ఎవరు?

మనవరాలు: మేమే. వంతులు వేసుకుంటాం.

తాత: వంతులు వేసుకున్న పని వారానికే పాతపడతాది. ఎవరో ఒకరు నేనుండా అనాల. వాళ్ళ ఇల్లు నడక దూరంలో ఉండాల. వాళ్ళకు కూలి ఇయ్యాల.

మనవరాలు: కూలా? ఇది సేవ తాతా. డబ్బులిచ్చి చేయిస్తే మా పని ఏముంది? మా ఎన్.ఎస్.ఎస్. మాటే "నేను కాదు, నువ్వు" అని.

తాత: ఆ "నువ్వు" ఎవరు? బడిలో వంట చేసే అక్కయ్యకు సెలవుల్లో జీతం వస్తాదో రాదో మీలో ఎవరైనా అడిగినారా? గుంత తవ్వేది మీ సేవ. మొక్క తెచ్చేది మీ సేవ. నలభై అయిదు దినాలు ఎండలో కుండలు నింపేది పని. పనికి కూలి ఇయ్యాల. ఇందాక నువ్వే చెప్పినావు, అమెరికాలో గడ్డి పీకేదానికి కూడా డబ్బులిచ్చినారని. కాగితంలో ఈ టీషర్ట్‌లకు ఎంత రాసుకున్నారు? ఈ బ్యానరుకు? ఈ శామియానాకు?

ఈ చోట నేను పూర్తిగా పెద్దాయన పక్షం. సేవా కార్యక్రమాల ఖర్చు కాగితాల్లో ప్రారంభానికి ఒక గీత ఉంటుంది, పోషణకు ఉండదు. చెరువును ఊరు కాపాడుకున్న రోజుల్లో ఆ కాగితం తిరగేసి రాసేవాళ్ళు. మేర ముందు, ఉత్సవం తర్వాత. అదే సమయంలో పిల్లదాని మాట కూడా తీసిపారేయలేను. ఇక్కడికి దగ్గరలోనే, సర్జాపుర రోడ్డు మీద కైకొండ్రహళ్ళి చెరువు ఉంది. చుట్టుపక్కల నివాసులు పాలికెతో కలిసి దాన్ని బాగుచేయించి, ఒక ట్రస్టు పెట్టుకుని, ఏళ్ళ తరబడి చూసుకుంటున్నారు. ఆశతో మొదలైన పని నిలబడటం ఈ నగరానికి కొత్త కాదు. అక్కడ నిలబడటానికి కారణం మాత్రం తాత చెప్పిందే: నేనుండా అన్న మనుషులు, నడక దూరంలో.

మనవరాలు: టీషర్ట్‌లు, బ్యానరు, శామియానా, టిఫిన్లు కలిపితే మొత్తంలో మూడోవంతు పైనే.

తాత: అవి తీసేస్తే రెండు ఎండాకాలాలకు ఒక మనిషికి ఇయ్యచ్చా?

మనవరాలు: ఇవ్వచ్చు. బావికి మాత్రం చాలదు.

తాత: బావి లేకుండా నేను ఒప్పుకోను.

మనవరాలు: తోట లేకుండా నేను ఒప్పుకోను తాతా. బావి మూత కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు. తోట కనపడుతుంది. కరివేపాకు కోసుకుపోవడానికి వచ్చిన అమ్మకు మేము బావి సంగతి చెప్పగలం. ఉత్త సిమెంటు మూత చూపించి ఎవరికి చెప్పేది? ఈ ఏడు తోట, ఆ కుండలు, ఆ వంట అక్కయ్యకు కూలి. వచ్చే ఏడు బావికి డబ్బు పోగుచేస్తాం. పళ్ళెం మధ్యలో దాని చోటు ఇప్పుడే వదిలిపెడతాం.

తాత: వచ్చే ఏడు అన్న మాట నేను నమ్మను. చోటు వదలండి, సరే. గుర్తుగా రాయి పాతండి. ఇంకొకటి. జూన్ అయిదున ప్రారంభం వద్దు.

మనవరాలు: మరి ఎప్పుడు?

తాత: మృగశిర కార్తెలో వాన పడినాక, నేల నాని ఉన్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా నాటండి. రెండు ఎండాకాలాలు దాటినాక ఎన్ని బతికినాయో లెక్కపెట్టి అప్పుడు బోర్డు పెట్టండి. బతికిన లెక్క, సచ్చిన లెక్క, రెండూ రాయండి.

మనవరాలు: రెండేళ్ళా? అప్పటికి నేను కాలేజీలోనే ఉండను తాతా.

తాత: అదే గదా నేను సాయంత్రం నుంచి అడగతా ఉండేది.

మనవరాలు కాగితం తిప్పి, వెనకవైపు కొత్త లెక్క మొదలుపెట్టింది. టీషర్ట్‌ల గీత కొట్టేసి, ఆ చోట "నీరుగంటి, ఏప్రిల్–మే, రెండేళ్ళు" అని రాసింది. బావి మీద ఇద్దరి పట్టూ అట్లాగే ఉంది.

ఈ వానాకాలం మీ వీధిలోనో, మీ పిల్లల బడిలోనో ఎవరైనా మొక్కలు నాటుతుంటే దయచేసి వెళ్ళండి, ఒక గుంత మీరూ తవ్వండి. వచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఏప్రిల్‌లో దీనికి నీళ్ళు ఎవరు పోస్తారు? వాళ్ళకు కూలి ఎవరిస్తారు?